పద్నాలుగంకెల సంబంధం

కాకినాడలో ఇప్పుడు ఎవరూ ఎవరినీ పేరడగరు. రేవు బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన ముందు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. తర్వాత కాస్త జరిగి చోటిచ్చి, తీరిగ్గా, "మీ అంకెంతండీ?" అంటాడు. చెప్పారా, అయిపోయారన్నమాటే. అక్కడికక్కడే దాన్ని తన మణికట్టు గడియారంలోకి ఎక్కించి, అది చూపించిన కారణాంకాలు లెక్కపెట్టుకుని, "ఓహో, ఇంతేనా!" అని జాలిగా పెదవి విరుస్తాడు. మీరు దిగిపోయేదాకా మళ్ళీ మీతో మాట్లాడడు.

సముద్రం ముందుకొచ్చాక సగం ఊరు నీళ్ళ మీద తేలుతోంది. వీధులకి వీధులు పెద్ద పెద్ద పలకల మీద కట్టారు. ఆ పలకలు కొట్టుకుపోకుండా అడుగున లంగరు తాళ్ళు పట్టి ఉంచుతాయి. ఆటుపోట్లకి ఇళ్ళన్నీ కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. ఊరు ఇంత మారినా మనుషులు మాత్రం ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు.

అసలీ జన్మాంకం ఎందుకు పెట్టారో వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. పేరు వింటే కులం తెలిసిపోతోందని, ఇంటిపేరు వింటే ఊరూ ఆస్తీ కూడా తెలిసిపోతున్నాయని, పుట్టిన ప్రతి బిడ్డకీ పద్నాలుగు అంకెల సంఖ్య ఒకటి ఇవ్వడం మొదలుపెట్టారు. బడిలో, ఆస్పత్రిలో, ఉద్యోగాల్లో అన్నిచోట్లా అదే చెల్లుతుంది. ఏ బిడ్డకి ఏ సంఖ్య వస్తుందో ఎవరి చేతిలోనూ లేదు, యంత్రం లాటరీ తీసినట్టు తీసి ఇస్తుంది. ఇంక హెచ్చుతగ్గులు ఎక్కడినుంచి వస్తాయిలే అనుకున్నారు, పెట్టినవాళ్ళు పాపం.

ఒక్క తరం చాలింది. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే సంఖ్యలవాళ్ళు ద్విముఖులయ్యారు, విందుల్లో మొదటి పంక్తి వాళ్ళదే. బోలెడన్ని కారణాంకాలున్నవాళ్ళు సమృద్ధులయ్యారు. పెళ్ళికి ముందు గసాకా చూడటం ఆచారమైపోయింది. అబ్బాయి అంకెకీ అమ్మాయి అంకెకీ గరిష్ఠ సామాన్య కారణాంకం ఒకటి దాటిందంటే ఇద్దరిదీ ఒకే గోత్రం కింద లెక్క. దాంతో సరిసంఖ్య పిల్లకి సరిసంఖ్య పిల్లాడిని చేసుకునే యోగమే పోయింది, రెండు ఇద్దరిలోనూ ఉంటుంది కాబట్టి! ఇక ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగించలేని సంఖ్య వచ్చినవాళ్ళ గతి మరీ అన్యాయం. పుస్తకాల్లో దాన్ని ప్రధాన సంఖ్య అంటారు. వీధిలో ఏకాకి అంటారు.

వకుళ ఏకాకి. ఆమె జన్మాంకం 28116440335967.

"గసాకా ఒకటే వచ్చిందమ్మా, కాదనను," అంది అబ్బాయి తల్లి భ్రమరాంబ, పెళ్ళిచూపుల నాడు కాజాల పళ్ళెం వకుళ ముందుకి జరుపుతూ. "రాక ఏం చేస్తుందిలే, ఏకాకికి ఎవరితోనైనా ఒకటే వస్తుంది. కానీ కారణాంకాల్లేని పిల్ల ఇంట్లో అడుగుపెడితే నలుగురూ ఏమనుకుంటారు చెప్పు? పైగా నట్టనడుమ ఆ సున్నా ఒకటి."

భ్రమరాంబ ద్విముఖి. ఆ సంగతి ఆవిడ గుమ్మం మీద ఇత్తడి అక్షరాలతో రాయించుకుంది.

"సున్నా వల్ల నష్టమేముందండీ?" అంది వకుళ. ఆమె గణితశాస్త్రంలో పరిశోధకురాలు. సున్నాని ఎవరైనా ఏమైనా అంటే ఊరుకోలేదు. "మరి మీ అబ్బాయి అంకెలో గుణం ఏమిటి? అదీ చూద్దామా?"

"మగపిల్లాడి అంకెలో గుణాలెవరు చూస్తారమ్మా, విడ్డూరం కాకపోతే!" అని భ్రమరాంబ నిజంగానే నవ్వింది.

ఆ మగపిల్లాడు ప్రభంజన్. లంగరు ఇంజనీరు. నీటి అడుక్కి దిగి తాళ్ళు చూసి వచ్చే మనిషి, షార్కులకి భయపడడు గానీ తల్లికి భయపడతాడు. వకుళని రేవు దాకా సాగనంపుతూ, "అంకెలు కాపురం చేస్తాయా ఏంటి వకుళా? నేనెప్పుడైనా నీ అంకె అడిగానా? నా అంకె నాకే సరిగ్గా గుర్తుండదు," అన్నాడు. "కానీ అమ్మ కాదంటే చేసుకోలేను. నువ్వు కాదంటే బతకలేను. అమలాపురం నుంచి ఎవరో సమృద్ధి పిల్ల సంబంధం వచ్చిందట. వాళ్ళకి మాటిచ్చేలోగా ఏదో ఒకటి చెయ్యాలి."

"నీ బతుకేదో నువ్వు చూసుకో. మీ అమ్మ సంగతి నేను చూస్తాను," అంది వకుళ.

అలా పుట్టింది గుణదర్శిని.

చాలామంది అనుకునేటట్టు అది పెద్ద కాలిక్యులేటర్ కాదు. కాలిక్యులేటర్ మీరు అడిగినదానికే జవాబు చెబుతుంది. దర్శిని ఎవరూ అడగని ప్రశ్నలు తానే వేసుకుంటుంది. ఒక సంఖ్యని దాని ముందు పెడితే దాన్ని విడగొడుతుంది, తిరగేస్తుంది, వర్గాలూ ఘనాలూ కడుతుంది, అంకెల్ని కూడుతుంది, హెచ్చిస్తుంది, కోట్లకొద్దీ కొత్త గుణాలు ఊహించి ఒక్కొక్కటే సరిచూస్తుంది. వాటిలో మంచిది ఏరి చెబుతుంది. మంచిదంటే ఏది? దానికి వకుళ మూడు షరతులు పెట్టింది. గుణం ఒకే ఒక్క వాక్యంలో, పదో తరగతి పిల్లలకి అర్థమయ్యేలా ఉండాలి. ఆ గుణం ఇంకే జన్మాంకానికీ ఉండకూడదు. "ఫలానా సంఖ్య కన్నా ఒకటి ఎక్కువ" లాంటి దొంగ గుణాలు చెల్లవు.

ఆమెతో కలిసి యంత్రం కట్టినవాడు పురందరరావు మాస్టారు. ఆమెకి పాఠాలు చెప్పిన గురువు. సంఖ్యలంటే ఆయనకి తిండీ నిద్రా అక్కర్లేదు. మొదటిసారి యంత్రం మాట్లాడిన రోజున, పరీక్ష కోసం తన పాత పడవ నంబరు 2592 ఇచ్చాడు.

"2592 తన అంకెల్లోనే దాక్కుని ఉందండి," అంది దర్శిని. దానికి మెత్తని, మర్యాదైన గొంతు పెట్టారు. "రెండుని ఐదో ఘాతానికి పెంచండి, తొమ్మిదిని రెండో ఘాతానికి పెంచండి. ఆ రెండూ హెచ్చించి చూడండి."

మాస్టారు వేళ్ళ మీద లెక్క కట్టాడు. "ముప్ఫై రెండు. ఎనభై ఒకటి. ముప్ఫై రెండు ఎనభై ఒకట్లు... ఓరి నీ అసాధ్యం కూలా! 2592! రెండు, ఐదు, తొమ్మిది, రెండు, వరుస కూడా మారలేదు! ఇరవై ఏళ్ళు ఆ పడవ మీద తిరిగాను, ఒక్కనాడైనా చూళ్ళేదు!" అని కుర్చీలోంచి లేచి గదంతా తిరిగాడు.

తర్వాత ఊళ్ళో దొరికినంతమంది జన్మాంకాలు ఒక్కొక్కటిగా పెట్టారు. ఏ సంఖ్యా ఖాళీగా తిరిగి రాలేదు. చప్పగా ఉందనుకున్న ప్రతి సంఖ్యలోనూ దర్శిని ఏదో ఒక చమత్కారం చూపించింది. వకుళకి ఒళ్ళు పులకరించింది. ఇంక ఎవరూ ఎవరికన్నా తక్కువ కాదు. ఇది మాటవరసకి చెప్పే ఓదార్పు కాదు, ఎవరు కావాలంటే వాళ్ళు సరిచూసుకోదగ్గ లెక్క.

"మరి నీదమ్మాయ్?" అన్నాడు మాస్టారు.

బడిలో ఏడిపించిన నాటినుంచీ వకుళ తన సంఖ్యవైపు సరిగ్గా చూసిందే లేదు. లోకంలో సంఖ్యలన్నిటినీ ప్రేమించిన మనిషికి ఆ ఒక్కటంటేనే చిరాకు. అయినా పద్నాలుగంకెలూ నొక్కింది.

దర్శిని వెంటనే పలికింది. "వకుళ గారూ, 153 తెలుసు కదండి? మూడంకెల సంఖ్య. ఒక్కో అంకెనీ మూడో ఘాతానికి పెంచి కూడితే ఒకటి, నూట ఇరవై ఐదు, ఇరవై ఏడు, మొత్తం మళ్ళీ 153. మీది పద్నాలుగంకెల సంఖ్య. మీ అంకెల్ని ఒక్కొక్కటీ పద్నాలుగో ఘాతానికి పెంచి కూడండి. మీ సంఖ్యే వస్తుంది. పద్నాలుగంకెల సంఖ్యలన్నిటిలోనూ అలాంటిది ఇదొక్కటే."

"అబద్ధం!" అంది వకుళ.

"యంత్రం మాట ఎందుకు, మనమే కడదాం, ఉండు," అని మాస్టారు కాగితం లాక్కున్నాడు. తొమ్మిదికి పద్నాలుగో ఘాతం కట్టేసరికే ఇరవై రెండు లక్షల కోట్లు దాటింది. ఎనిమిది ఇంకో నాలుగు లక్షల కోట్లు తెచ్చింది. ఏడు వచ్చింది, ఆరు రెండుసార్లు వచ్చింది, ఐదు, నాలుగులు, మూడులు, రెండు, అన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చి ఇద్దరూ చెరోవైపు నుంచీ కూడుకుంటూ వచ్చారు. మొత్తం కింద గీత గీసి మాస్టారు చదివాడు. "28116440335965." ఆయన ముఖం పాలిపోయింది. "రెండు తక్కువొచ్చిందమ్మా. అంత దూరం వచ్చి రెండే రెండు తక్కువ."

వకుళ కాగితంకేసి చూసింది. ఒక్కసారిగా కెవ్వున కేకేసింది. "మాస్టారూ, ఒకట్లు! మన లెక్కలో ఒకట్లు వేసుకోలేదు! రెండు ఒకట్లున్నాయి నా అంకెలో!"

ఒకటిని ఎంత పెంచినా ఒకటే. రెండు ఒకట్లు రెండు. 28116440335967! గురువూ శిష్యురాలూ చిన్నపిల్లల్లా చేతులు పట్టుకుని గంతులేశారు. వకుళకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ నడుమ సున్నా ఉందే, భ్రమరాంబ పెదవి విరిచిన సున్నా, దాన్ని ముద్దుపెట్టుకోవాలనిపించింది.

దర్శినిని జనానికి చూపించే రోజు రేవు పక్క పెద్ద పలక మీద షామియానా వేశారు. పొద్దున్నే ఊరు ఊరంతా తరలి వచ్చింది. దర్శిని ముందు ఒక గాజు పలక, దాని మీద పెద్ద అక్షరాలతో మీ అంకె, కింద మీ గుణం. పైడమ్మ అనే చేపలామె మొదట వచ్చింది. ఆమె సంఖ్యని రెట్టింపు చేస్తే అవే పద్నాలుగంకెలు వేరే వరుసలో వచ్చాయి.

"అంటే నాను రెండింతలైనా నాలాగే ఉంటానన్నమాట!" అని పైడమ్మ విరగబడి నవ్వింది.

ఒక పడవ డ్రైవరుది వరుసగా వచ్చే ఏడు ప్రధాన సంఖ్యల వర్గాల మొత్తం. అతను దాన్ని అక్కడికక్కడే చొక్కా మీద రాయించుకున్నాడు. ఏకాకులు ఒకరినొకరు కావలించుకున్నారు. ఎవరి నోట విన్నా గుణమే, ఎవరి ముఖం చూసినా వెలుగే. వకుళ ఆ మూలనుంచి ఈ మూలకి పరిగెడుతూ అందరికీ వివరించి చెబుతోంది.

మధ్యాహ్నానికి భ్రమరాంబ పట్టుచీరలో దిగింది, వెనకాలే ప్రభంజన్. గాజు పలక మీద వెలిగిన వకుళ గుణాన్ని రెండుసార్లు చదివి, "పద్నాలుగంకెల్లో ఇదొక్కటేనా? నిజంగానా?" అని యంత్రాన్ని నిలదీసింది.

"నిజమేనండి," అంది దర్శిని.

అంతే. భ్రమరాంబ వకుళ గడ్డం పట్టుకుంది. "నా తల్లే! ఇన్నాళ్ళూ ఏకాకి అనుకున్నాను గానీ తనని తానే నిలబెట్టుకున్న అంకె నీది! మా వీధిలో ఇలాంటి కోడలు ఎవరికుంది? అమలాపురం వాళ్ళకి ఈరోజే చెప్పేస్తాను, వద్దని."

వకుళ ప్రభంజన్ వైపు చూసింది. అతను కళ్ళతోనే నవ్వాడు. ఆమెకి ఏనుగెక్కినంత సంబరమైంది.

"పనిలో పనిగా అబ్బాయిదీ చూసేద్దాం," అన్నాడు మాస్టారు, ఉత్సాహం పట్టలేక.

"నాదెందుకు సార్," అంటూనే ప్రభంజన్ జేబులోంచి కార్డు తీసి, చూసి నొక్కాడు.

ఎవరికైనా రెప్పపాటులో చెప్పే యంత్రం ఈసారి చాలాసేపు తీసుకుంది. వెనక వరసల్లో జనం గుసగుసలాడారు. చివరికి గాజు మీద ఒక వాక్యం వెలిగింది. దర్శిని దాన్ని చదివింది. "ఈ సంఖ్య నాలుగు వర్గసంఖ్యల మొత్తం."

మాస్టారు నెత్తి గోక్కున్నాడు. "అదేం గుణం? ప్రతి పూర్ణాంకమూ ఏవో నాలుగు వర్గాల మొత్తమే. ఇంకేం లేదా?"

"లేదండి. ఇంతకు మించి దొరకలేదు. క్షమించాలి."

"ఇంతేనా?" అంది వకుళ.

ఆ మాట ఆమె అనాలని అనలేదు. రేవు బస్సులో పెద్దాయన పెదవి విరిచినట్టే విరిచి అనేసింది. ప్రభంజన్ విన్నాడు. అతని ముఖంలో నవ్వు పోయింది. మరుక్షణం ఆమెకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయినంత పనైంది. ఏదో చెప్పబోయింది గానీ మాస్టారు అరుపుల్లో అది వినపడలేదు.

"ఆగండాగండి! ఒక్కటీ ఖాళీగా రాలేదు కదా ఇన్నాళ్ళూ! దర్శినీ, ఇప్పటిదాకా చూసిన జన్మాంకాల్లో గుణం దొరకనిది ఇంకేదైనా ఉందా?"

"లేదండి. ఇదొక్కటే."

"అయితే అదే దాని గుణం!" మాస్టారు బల్ల మీద దరువేశాడు. "ఏ గుణమూ లేని ఏకైక సంఖ్య! ఒక్క వాక్యం, పదో తరగతి పిల్లలకి అర్థమవుతుంది, ఇంకే జన్మాంకానికీ లేదు! మూడు షరతులూ సరిపోయాయి!"

"ఆ గుణం ఉందని రాసుకుంటే ఇది గుణం లేని సంఖ్య కాకుండా పోతుందండి," అంది దర్శిని. "రాసుకోకపోతే మళ్ళీ అవుతుంది. నన్నేం చెయ్యమంటారు?"

"ఏమీ చెయ్యకు! అలాగే ఉండు! ఇంత అందమైన చిక్కు నా జన్మలో చూళ్ళేదు!" అన్నాడు మాస్టారు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

జనానికి చిక్కు సంగతి పట్టలేదు. వాళ్ళకి ఒక్క ముక్క అర్థమైంది. గుణం అందరికీ ఉంది, లేనిది ఇతనొక్కడికే. అప్పటిదాకా తమ తమ గుణాలు తలుచుకుని మురిసిపోతున్నవాళ్ళంతా ప్రభంజన్ చుట్టూ మూగారు. పడవ డ్రైవరు తన చొక్కా మీది రాత చేత్తో కప్పుకున్నాడు. ఎవరో ఒకాయన దర్శిని దగ్గరికి వచ్చి, తన గుణం తీసేయడం కుదురుతుందా అని మెల్లగా అడిగాడు.

భ్రమరాంబ ఇంకా వకుళ చెయ్యి పట్టుకునే ఉంది. ఇప్పుడు వదిలేసింది.

"ఏమీ అనుకోకమ్మా," అంది. గొంతులో కటువు ఏమీ లేదు, పైగా బోలెడంత ప్రేమ ఉంది. "మంచి గుణమే నీది, కాదన్నానా? కానీ గుణాలున్న పిల్లలు ఇప్పుడు వీధికి నూరుమంది. మావాడిలాంటి అంకె లోకంలో ఇంకోటి లేదట. నువ్వే చూశావుగా, నీ యంత్రమే చెప్పింది. తొందరపడి మాటిచ్చేశాను, కొంచెం ఆలోచించుకోనీ."

"ఇందాకే కదండీ ఒప్పుకున్నారు!"

"ఇందాకటికి మావాడి అంకె తెలియదు కదమ్మా," అంది భ్రమరాంబ.

వకుళ గొడవపడలేదు. ప్రభంజన్ మోచెయ్యి పట్టుకుని గబగబా యంత్రం వెనక్కి, తెర చాటుకి లాక్కుపోయింది. ఆమె బుర్ర అప్పటికే పరుగులు తీస్తోంది.

"ఇందాక అలా అనేశాను, క్షమించు. ఎందుకన్నానో నాకే తెలీదు. కానీ ఇది చాలా తేలిక, విను," అంది ఊపిరి తిప్పుకోకుండా. "దర్శినికి ఒకే వాక్యంలో చెప్పాలని షరతు పెట్టాను కదా. రెండు వాక్యాలు ఒప్పుకుంటే చాలు, నీ అంకెలోనూ ఏదో ఒక గుణం తగులుతుంది, తగిలి తీరుతుంది. అప్పుడు నువ్వూ అందరిలాంటివాడివే. మీ అమ్మ దిగొస్తుంది. రేపీపాటికి అంతా మామూలైపోతుంది. ఒక్క నిమిషం పని."

షరతులు మార్చే మీట మీద చెయ్యి వేసింది. నొక్కేలోగా ప్రభంజన్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు, మెల్లగానే.

తెర అవతల జనం అతని అంకెని పైకి చదువుతున్నారు. ఒకరు తప్పు చదివితే పదిమంది దిద్దుతున్నారు. అతను తలొకవైపు వంచి అదే వింటున్నాడు.

"నాదొక్కటే కదా, వకుళా?" అన్నాడు. "అంతమందిలోనూ?"

"నీదొక్కటే. అందుకేగా ఈ తిప్పలు. వదులు, నొక్కుతాను."

ప్రభంజన్ వదల్లేదు.

"ఇప్పుడే ఎందుకులే," అన్నాడు. "కొన్నాళ్ళు ఉండనీ."